పీర్ల పండుగ ఈసారి జూన్ 25నా, 26నా, 27నా? లీవు రాయించాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

మక్తల్ మేస్త్రి
2026 ఏప్రిల్ 11, రాత్రి 9:40

అందరికీ దండాలు. నేను పుణెలో సెంట్రింగ్ పని చేస్తా. ఊరు మక్తల్ దగ్గర. మా కాంట్రాక్టరు పండుగ లీవులు రెండు నెలల ముందే రాయించుకుంటాడు, తర్వాత మారుస్తానంటే ఒప్పుకోడు. గోడ మీది క్యాలెండర్‌లో మొహర్రం జూన్ 26, శుక్రవారం అని ఉంది. మా బామ్మర్ది ఫోన్‌లో 25 చూపిస్తోంది. రూములో ఇంకొకడు 27 అంటున్నాడు.

ఒకసారి దెబ్బ తిన్నా కాబట్టి ఇంత అడగడం. 2021లో క్యాలెండర్‌లో ఆగస్టు 19 వేసి ఉండె. అది నమ్మి రెండు రోజుల ముందు వచ్చి, 19 రాత్రికే తిరుగు టికెట్ చేసుకున్నా. తీరా ఊళ్ళో దిగితే పండుగ 20 అన్నారు. సావిడి ముందర గుండంలో కట్టెలు పేరుస్తుంటే నేను బ్యాగు భుజాన వేసుకుని ఆటో ఎక్కిన. మా అమ్మ మలీద ముద్ద పేపర్‌లో చుట్టి ఇచ్చింది. పీరుకు ఇంకా చూపించని మలీద. రాయచూరు స్టేషన్‌లో విప్పి, తినబుద్ధి కాక మళ్ళీ చుట్టేసిన.

ఇంకో డౌటు. పోయిన రెండేళ్ళూ పీర్లు సరిగ్గా తొలి ఏకాదశి నాడే వచ్చినయ్. ఈసారి తొలి ఏకాదశి జూలై 25 అంట, పీర్లేమో నెల ముందే వస్తున్నయ్. ఇదేం లెక్క?

డప్పు దెబ్బ
రాత్రి 9:58

25 అన్నోణ్ణీ నమ్మకు, 27 అన్నోణ్ణీ నమ్మకు అన్నా. నెల పొడుపు చూసినోణ్ణి నమ్ము.

లెక్కల సారు, నల్లగొండ
రాత్రి 10:31

మేస్త్రి గారూ, మీ రెండో డౌటు ముందు తీరుస్తా. అది తీరితే మొదటిది దానంతటదే తీరుతుంది.

మన తెలుగు నెలా, ముస్లింల హిజ్రీ క్యాలెండర్ నెలా రెండూ అమావాస్య దగ్గరే మొదలవుతాయి. మనకు అమావాస్య మర్నాడు పాడ్యమి. వాళ్ళకు అమావాస్య అయ్యాక నెలవంక కంటికి కనిపించిన సాయంత్రం నుంచి ఒకటో తేదీ. మామూలుగా ఒక రోజో రెండు రోజులో తేడా. అంటే పీర్ల రోజైన ముహర్రం 10వ తేదీ ఎప్పుడొచ్చినా మన శుద్ధ ఏకాదశికి అటూ ఇటూగా పడాల్సిందే, ఏ నెలలో అన్నదే మారుతుంది. 2024 జూలై 17, 2025 జూలై 6, రెండూ ఆషాఢ శుద్ధ ఏకాదశులే, రెండూ పీర్ల రోజులే. అందులో వింత ఏమీ లేదు.

మరి ఈసారి నెల ముందే ఎందుకు వస్తున్నాయి? అధికమాసం. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుడి లెక్క 365. ఏటా పదకొండు రోజులు తక్కువ పడుతుంది. మనవాళ్ళు దాన్ని కూడబెట్టి, మూడేళ్ళకు కాస్త ముందే ఒక నెల అదనంగా వేసి సరిచేసుకుంటారు. హిజ్రీలో ఆ సర్దుబాటు లేదు. కాబట్టి మనం ఒక అధికమాసం వేసుకున్న ప్రతిసారీ పీర్లు మన పంచాంగంలో ఒక నెల వెనక్కి దిగుతాయి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, మే 17 నుంచి జూన్ 15 దాకా. అందుకని ఆషాఢంలో ఉండే పీర్లు నిజ జ్యేష్ఠానికి దిగాయి.

నమ్మకం లేకపోతే గుర్తు చేసుకోండి. 2015, 16, 17 మూడేళ్ళు దసరా పక్కనే పీర్లు. 2016లో దసరా అక్టోబర్ 11, పీర్లు 12. 2017లో దసరా సెప్టెంబర్ 30, పీర్లు అక్టోబర్ 1. తర్వాత 2018లో అధికమాసం వచ్చింది. ఆ ఏడూ, 19, 20లోనూ వినాయక నిమజ్జనానికి ఒకటి రెండు రోజుల ముందు పీర్లు. 2020లో మళ్ళీ అధికమాసం, ఇక 21, 22, 23 శ్రావణం. 23లో అయితే అధిక శ్రావణంలోనే పడ్డాయి. ఆ తర్వాత రెండేళ్ళు ఆషాఢం. మెట్లు దిగినట్టు ఒక్కో నెలా దిగుతూ వస్తున్నాయి, చూడండి.

డప్పు దెబ్బ
రాత్రి 10:44

సారూ 2016 గుర్తు చేసి మంచి పని చేయలేదు. సద్దుల బతుకమ్మ, దసరా, జమ్మి, పీర్లు, అన్నీ ఒకే వారం. మా నాయన చేతికి బొబ్బలు లేచి గుడ్డ కట్టుకుని కొట్టిండు. డప్పు కాపడానికి గడ్డి కూడా దొరకలేదు.

అలంపూర్ అబ్బాయి
ఏప్రిల్ 12, ఉదయం 7:15

మేస్త్రన్నా, తేదీ ఒక్కటే అడిగితే నీకు మళ్ళీ అదే జరుగుతది. ఏ పూట అన్నది అడుగు.

తుర్కల లెక్కలో రోజు పొద్దు గుంకినప్పుడు మొదలైతది. ముందు రాత్రి, తర్వాత పగలు. క్యాలెండర్‌లో 26 అంటే అసలు పదో తేదీ 25 గురువారం సాయంత్రమే దిగిపోతది. మా దిక్కు పెద్ద సరిగెత్తు, అంటే పీర్ల ఊరేగింపు, ఆ రాత్రే. ఊరంతా తిరిగి, తెల్లారుజామున గుండం తొక్కుతరు. శుక్రవారం పొద్దుమూకి పీర్లు ఏటికి పోతయ్, ఇక అయిపోయినట్టే. 26 తారీఖు అని శుక్రవారం మధ్యాహ్నం దిగినవనుకో, నీకు దొరికేది బూడిద.

లెక్కల సారు, నల్లగొండ
ఉదయం 7:50

అబ్బాయి చెప్పింది చాలా ముఖ్యం, నేను మర్చిపోయాను. పంచాంగానికి రోజు సూర్యోదయంతో, హిజ్రీకి సూర్యాస్తమయంతో, సర్కారుకు అర్ధరాత్రితో మొదలవుతుంది. మూడు గడియారాలు మన ఒక్క గోడ మీదే వేలాడుతున్నాయి.

ఇక మొదటి డౌటు. అమావాస్య ఘడియ జూన్ 15 ఉదయం. ఆ సాయంత్రానికి చంద్రుడి వయసు పది గంటలే, అంత పసివాడు మన కంటికి ఆనడు. 16 సాయంత్రానికి ముప్పై గంటలు దాటుతుంది కాబట్టి మబ్బు లేకపోతే కనిపించాలి. కనిపిస్తే 17 ఒకటో తేదీ, 26 పదో తేదీ. 2021లో మీకు జరిగింది కూడా ఇదే. అమావాస్య ఆగస్టు 8 రాత్రి. 9 సాయంత్రం కనిపిస్తుందని లెక్కేసి క్యాలెండర్లు అచ్చేశారు. కనిపించలేదు. పండుగ ఒక రోజు వెనక్కి జరిగింది, సర్కారు సెలవు కూడా 19 నుంచి 20కి మార్చింది.

మీ బామ్మర్ది ఫోన్ 25 అంటున్నది సౌదీ లెక్క. వాళ్ళ సర్కారీ క్యాలెండర్ గణితం మీద ముందే తయారవుతుంది, మనకంటే ఒక రోజు ముందుంటుంది.

షాహీన్, నల్లగొండ
ఉదయం 9:05

సార్ లెక్క బాగుంది. ఒక్కటి కలుపుతాను. 27 అన్న అబ్బాయిని కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. మా నెల 29 రోజులో 30 రోజులో ఉంటుంది. 29వ రోజు సాయంత్రం చంద్రుడు కనిపించకపోతే 30 నింపేస్తాం, 31 ఉండదు. ఇప్పుడు ముందు నెల జిల్‌హజ్ ఏ రోజు మొదలైందన్న దాన్ని బట్టి జూన్ 16న మాకు 29 కావచ్చు, 30 కావచ్చు. 30 అయితే మబ్బు పట్టినా ఫరక్ లేదు, 17 ఒకటో తేదీ ఖాయం. 29 అయి, మబ్బు పట్టి, చంద్రుణ్ణి చూశామని ఎక్కడి నుంచీ గవాహీ (సాక్ష్యం) రాకపోతేనే 27. కాబట్టి మేస్త్రి అన్నా, మే నెలలో బక్రీద్ ఏ రోజు వస్తుందో చూసుకోండి. బక్రీద్ జిల్‌హజ్ 10. మే 27న వస్తే పీర్లు 26 పక్కా. 28 అయితే జూన్ 16 రాత్రి, నెలవంక కనిపించిందో లేదో తేల్చే హైదరాబాద్ రూయతే హిలాల్ కమిటీ మాట వచ్చేదాకా ఆగాలి.

ఇంకో మాట, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా ఇంట్లో పీర్లు లేవు. మేము సున్నీలం. ఆషూరా, అంటే ముహర్రం పదో రోజు, మాకు ఉపవాసం. ప్రవక్త గారు మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉన్నారట. మూసా ప్రవక్తనూ, ఆయన జనాన్నీ ఈజిప్టు రాజు ఫిరౌన్ బారి నుంచి దేవుడు కాపాడిన రోజని చెప్పారట. ఆయనా ఉపవాసం ఉన్నారు, వచ్చే ఏడు తొమ్మిదో తేదీ కూడా ఉంటామన్నారు. అందుకని మేము 9, 10 కలిపి ఉంటాం. రంజాన్ లాగా తప్పనిసరి కాదు, ఉంటే పుణ్యం. మా అమ్మ ఆ రెండు రోజులూ తెల్లారకముందు తినే సహరీకి లేపుతుంది, కానీ రంజాన్‌లో ఉన్నంత హడావిడి ఉండదు. హైదరాబాద్ నుంచి మామయ్య దమ్ కా రోట్ అనే తీపి రొట్టె పంపితే ఇఫ్తార్‌కు అదే.

మాకు అధికమాసం ఎందుకు లేదంటే, అది మర్చిపోయి వదిలేసింది కాదు. ఇస్లాం కంటే ముందు అరబ్బులు నెలలను తమకు వీలుగా ముందుకూ వెనక్కూ జరుపుకునేవాళ్ళు. యుద్ధం చేయకూడని నాలుగు నెలలుంటాయి: జిల్‌ఖాద, జిల్‌హజ్, ముహర్రం, రజబ్. వాటిని కూడా జరిపేవాళ్ళు. ఖుర్‌ఆన్ తొమ్మిదో సూరా 36, 37 వాక్యాల్లో నెలలు పన్నెండేనని చెప్పి ఆ జరపడాన్ని తప్పుపట్టింది. అందుకే రంజాన్ అయినా ముహర్రం అయినా ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ తిరిగొస్తుంది. ఎవరికీ ఎప్పుడూ తేలిక ఉపవాసమే రాకుండా.

పొద్దుపోని పంతులు
ఉదయం 10:20

ఇంట్లో పీర్లే లేవన్నప్పుడు మీకెందుకమ్మా ఈ చర్చ? అసలిది హిందువుల పండుగా, ముస్లింలదా, ముందు అది తేల్చండి.

డప్పు దెబ్బ
ఉదయం 10:33

పంతులు గారూ, మా ఊళ్ళో ముస్లింల ఇండ్లు రెండు. పీర్లను చూసుకునే ముజావర్ దూదేకులాయన. పీర్లు తొమ్మిది. ఎత్తేది గొల్లోళ్ళు, ముదిరాజులు, మా మాదిగోళ్ళు. గుండం కట్టెలు రెడ్డిగారి చేను నుంచి వస్తయ్. ఎవరిదని తేలుస్తరు? తేల్చేలోపు నిప్పు చల్లారిపోతది.

నిర్వాహకుడు
ఉదయం 10:41

ఎవరిదన్న వాదన ఇక్కడ వద్దు. షాహీన్ గారు అడిగినదానికే జవాబిచ్చారు. తేదీ, దాని వెనక కథ వరకే ఉందాం.

నేరేడుచర్ల నాగు
ఉదయం 11:12

మధ్యలో చిన్న డౌటు. జాన్‌పహాడ్ దర్గాలో సైదులు ఉర్సు (జాతర) మాత్రం ప్రతి ఏడూ జనవరిలోనే కదా. దాని తేదీ మారదేం?

షాహీన్, నల్లగొండ
ఉదయం 11:30

ఉర్సు ఆ వలీ (మహాత్ముడు) పేరు మీద ఆ ఊరివాళ్ళు చేసుకునేది. అక్కడ జనవరికి అలవాటు పడ్డారు, కోతలు అయిపోయి చేతిలో డబ్బు ఉండే రోజులు కూడా. ఆషూరా అలా కాదు, ప్రపంచమంతా ముహర్రం పదే.

దారుల్‌షిఫా వాసి
మధ్యాహ్నం 2:18

సలాం. నేను పాతబస్తీ షియాని, ఉద్యోగం మిర్యాలగూడలో. నిశ్శబ్దంగా చదువుతున్నాను కానీ ఒక విషయం చెప్పాలనిపించింది.

ఇక్కడ చేరిన మొదటి ఏడు, మొహర్రం నాడు ఆఫీసు గ్రూపులో అందరూ పూల బొమ్మలతో శుభాకాంక్షలు పెట్టారు. ప్రేమతోనే పెట్టారు. నేను నల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాను, ఏం జవాబివ్వాలో తెలియలేదు. మాకు అది ఇంట్లో మనిషి పోయిన రోజు లాంటిది. శుభాకాంక్షలు చెప్పరు.

హిజ్రీ 61, ముహర్రం 10. ఇంగ్లీషు లెక్కన 680 అక్టోబర్ 10. ఇప్పటి ఇరాక్‌లో, యూఫ్రటీస్ నది దగ్గర కర్బలా మైదానం. ప్రవక్త గారి మనవడు ఇమాం హుసేన్ యజీద్ పాలనకు తలవంచనన్నారు. వెంట ఉన్నది డెబ్బై రెండు మంది అని చెప్పుకుంటాం. ఎదుట వేల సైన్యం. ఏడో తేదీ నుంచి నీళ్ళు ఆపేశారు. నది కళ్ళముందే ఉంది, పిల్లలకు గుక్కెడు నీళ్ళు లేవు. తమ్ముడు అబ్బాస్ తోలుసంచి పట్టుకుని నీళ్ళకు వెళ్ళి అక్కడే నేలకొరిగారు. జెండా మోసేది ఆయనే. మీ ఊళ్ళలో కర్రకు కట్టి ఎత్తే పీరు ఆ జెండాయే, మేము ఆలం అంటాం. పైన ఇత్తడి పంజాకు అయిదు వేళ్ళు ఎందుకంటే ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. మీరు పోసే షర్బత్, బెల్లం పానకం ఆ దాహం పేరు మీదే.

హైదరాబాద్‌కు ఇది కుతుబ్‌షాహీలతో వచ్చింది, వాళ్ళు షియాలు. ఆలంలు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా 1590లలో కట్టింది. పదో తేదీన దబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద ఆలం బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. మాకు పదో తేదీతో అయిపోదు. నలభై రోజులకు చెహ్లుం, తర్వాతి నెల సఫర్ 20న. మొత్తం రెండు నెలల ఎనిమిది రోజులు పెళ్ళిళ్ళు పెట్టుకోం.

మీరు డప్పులతో చేస్తున్నారని నాకు కోపమేం లేదు. నిరుడు ఒక మిత్రుడు దేవరకొండ వైపు తన ఊరికి తీసుకెళ్ళాడు. ఒక ముసలామె కుడుక, బెల్లం, ఊదు పట్టుకుని పీరు ముందు నిలబడి 'నీళ్ళు లేక పోయిన నాయనా' అని ఏడ్చింది. కర్బలా ఎక్కడుందో ఆమెకు తెలియదు. నాకూ ఏడుపొచ్చింది.

పొద్దుపోని పంతులు
మధ్యాహ్నం 2:50

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. షాహీనమ్మా, ఏమీ అనుకోకు.

షాహీన్, నల్లగొండ
మధ్యాహ్నం 3:02

పర్లేదు బాబాయ్.

పట్వారీ మనవడు
సాయంత్రం 5:26

అధికమాసం లేని క్యాలెండర్‌తో సర్కారుకు వచ్చిన తిప్పలు ఎవరూ చెప్పలేదు. పంట మాత్రం చంద్రుణ్ణి చూసి పండదు కదా. హిజ్రీ లెక్కన శిస్తు వసూలు చేస్తే కొన్నేళ్ళకు కోతకు ముందే శిస్తు కట్టాల్సొస్తుంది. అందుకే అక్బర్ కాలంలో పంట లెక్క వేరే పెట్టారు, అదే ఫసలీ. నిజాం రాజ్యంలో కాగితాలన్నీ దాని మీదే నడిచాయి. మా తాత సంతకం పెట్టిన కాగితం మీద 1349 ఫసలీ అని ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. దేవుడికి హిజ్రీ, శిస్తుకు ఫసలీ, ముహూర్తానికి పంచాంగం.

పేలపిండి, దేవరకొండ
రాత్రి 8:47

సారూ, మీ లెక్క చూశాక ఒకటి అడగాలనిపించింది. మా నాయనమ్మ పుట్టిన సంవత్సరం చెప్పగలరా? ఆధార్‌లో 01-01-1951 అని వేశారు, అది వేసినోళ్ళ ఇష్టం. ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: 'సంకురాత్రి ముగ్గు చెరగకముందే పీర్లు లేచినయ్, ఆ రాత్రే నన్ను కన్నది మా అమ్మ.' రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు గడ్డివాములో దాక్కున్నదట, ఆ సంగతి బాగా గుర్తు.

మా ఇంట్లో పీర్లంటే ఆమెదే పెత్తనం. రెండేళ్ళ నుంచి తొలి ఏకాదశి కలిసి రావడంతో పొద్దున జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపి పేలపిండి, మధ్యాహ్నం గోధుమ రొట్టెలు వేడిమీదే చిదిమి బెల్లం, నెయ్యి పోసి మలీద. ఒకే తాంబాళంలో అటు పేలపిండి, ఇటు మలీద పెట్టి మధ్యలో తమలపాకు అడ్డం పెట్టింది. ఎందుకే అంటే 'ఒకరిది ఒకరికి అంటొద్దు' అంది. ఆమె మాత్రం రెండూ కలిపే తిన్నది.

లెక్కల సారు, నల్లగొండ
రాత్రి 9:36

అమ్మా, ఇంత మంచి లెక్క నాకు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదు.

హిజ్రీ సంవత్సరం మన రుతువులన్నీ ఒక చుట్టు తిరగడానికి దాదాపు 33 ఏళ్ళు పడుతుంది. కాబట్టి సంక్రాంతి, పీర్లు కలవడం అరుదు. ఈమధ్య కలిసింది 2008లో, జనవరి 20న పీర్లు. అంతకుముందు 1976 జనవరి రెండో వారం. దానికి ముందు 1943, జనవరి 17 ప్రాంతం. 1976 ఎలాగూ కాదు. రజాకార్ల గొడవ 1947, 48. అప్పుడు గడ్డివాములో దాక్కుని ఆ సంగతి గుర్తుంచుకోవాలంటే అయిదారేళ్ళ పిల్ల అయి ఉండాలి. 1943 సరిపోయింది. 1944 జనవరిలో పీర్లు సంక్రాంతికి వారం ముందే వచ్చాయి, ముగ్గు చెరగకముందు అన్న మాట దానికి పొసగదు. కాబట్టి 1943 జనవరి 16 లేదా 17 రాత్రి. ఒక రోజు అటూ ఇటూ నెలవంకకు వదిలేద్దాం.

అంటే ఆధార్ కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. 83 నిండాయి.

డప్పు దెబ్బ
రాత్రి 9:41

సారూ మా నాయనకు కూడా చెప్పండి. 'పీర్లు ఏటికి పోయిన రోజు, కందులు పూత మీదున్నయ్' అంటడు.

లెక్కల సారు, నల్లగొండ
రాత్రి 9:55

కంది పూత అంటే అక్టోబర్, నవంబర్. నాయన వయసు సుమారుగా ఎంత చెప్పు, చూద్దాం.

మక్తల్ మేస్త్రి
ఏప్రిల్ 13, ఉదయం 6:20

అందరికీ పేరుపేరునా దండాలు. లీవు రాయించిన. 24 బుధవారం రాత్రి ఇక్కడ ఎక్కుతా, గురువారం పొద్దున రాయచూరు, పదింటికల్లా ఊళ్ళో ఉంటా. తిరుగు టికెట్ 27 రాత్రికి పెట్టిన, షాహీనక్క చెప్పిన మబ్బు కోసం. 29న ఏరువాక పున్నమి అంట, మా నాయన ఒక్క రోజు ఉండి గొర్రు పట్టిపోరా అంటున్నడు. కాంట్రాక్టరుకు ఆ మాట చెప్తే నవ్విండు.

పేలపిండి, దేవరకొండ
ఉదయం 7:44

నాయనమ్మకు చెప్పిన. 'ఎనభై మూడా? మీ తాత అరవై ఏండ్లకే పోయిండని అందరూ అనిరి. అయితే ఆయన నాకంటే చిన్నోడా ఏంది' అని అప్పటి నుంచి వేళ్ళ మీద లెక్క పెడుతోంది. సారూ, మా తాత ఏదో కరువు ఏడు పుట్టిండంట. మధ్యాహ్నం ఖాళీనా మీరు?